తీయడం, తీసేయడం



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. మా ఊళ్ళో ఆయన్ని ఆ పేరుతో ఎవరైనా పిలిచినట్టు నాకు గుర్తులేదు. అందరికీ స్టూడియో మాస్టారే. ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు, అయినా మాస్టారే. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా హైస్కూల్లో డ్రాయింగు చెప్పాను. నన్ను మాత్రం డ్రాయింగు సారు అన్నారు. చాటున ఇంకేదో కూడా అన్నారు, అది సభలో చెప్పేది కాదు.

హైస్కూలు పిల్లలకు డిజిటల్ ఫోటోగ్రఫీ, డిజైన్ ఎలా నేర్పాలో మాట్లాడమని కమిటీవారు అడిగారు. నేను చెప్పదలచిందంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. తెలుగులో మనం ఫోటో 'తీస్తాం'. ఆ మాటకే చిన్న తోక తగిలిస్తే 'తీసేస్తాం'. కెమెరా పట్టుకున్నవాడు ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తాడు. మొదటిది పిల్లలకు ఫోనే నేర్పుతోంది. రెండోది బడి నేర్పాలి. ఈ మాట నాకు తట్టింది కంప్యూటరు ముందు కాదు, మాస్టారి టచింగ్ బల్ల దగ్గర.

ఆ బల్లను ఇక్కడున్న పాతవాళ్ళు చూసే ఉంటారు. ఏటవాలు చెక్క, మధ్యలో గరుకుటద్దం, కింద కిటికీ వెలుతురును పైకి తిప్పే ఇంకో అద్దం. గరుకుటద్దం మీద నెగెటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలు మొనను ఉప్పుకాగితం మీద ఇంకా సన్నగా అరగదీసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి కూర్చునేవారు. పన్నెండేళ్ళవాణ్ణి, నాకు అంతుపట్టేది కాదు. ముఖం మీది మచ్చలు తీసేస్తానంటాడు, చూస్తే పెన్సిలుతో గీతలు పెడుతున్నాడు! ఒకరోజు విప్పి చెప్పారు. ప్రింటులో నల్లగా కనిపించే గుంట నెగెటివ్‌లో పల్చగా, వెలుతురు పారే చోటుగా ఉంటుంది. అక్కడ పెన్సిలు నలుపు చేరిస్తే వెలుతురు ఆగుతుంది, ప్రింటులో గుంట తేలిపోతుంది. "తీసెయ్యాలంటే చేర్చాలిరా" అన్నారు. చాలా ఏళ్ళ తరవాత కంప్యూటర్లో క్లోన్ స్టాంపు పట్టుకున్నప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. అదీ అంతే కదా, పక్కనున్న చర్మాన్ని తెచ్చి మచ్చ మీద కప్పడమే.

పెన్సిలు జారకుండా నెగెటివ్‌కు ముందు ఒక పూత రాసేవారు. ఈ పూత సంగతి గుర్తుంచుకోండి.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేలమందికి పైగా పోయారు. మా ఊరు ఎగువన ఉండటంతో గాలికి రేకులు లేచాయిగానీ మాస్టారి నెగెటివ్ పెట్టెలు మిగిలాయి. నీళ్ళు తీశాక కింది ఊళ్ళ నుంచి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఇల్లు పోయింది, పెట్టె పోయింది, పెట్టెలోని ఫోటోలూ పోయాయి. పెద్దకర్మ నాటికి దండ వెయ్యడానికి ఒక ముఖం కావాలి. పెళ్ళి గ్రూపులోంచి ఒక తల, తిరునాళ్ళలో తీయించుకున్న కార్డు సైజులోంచి ఇంకో తల, కత్తిరించి పెద్దది చేసివ్వడం. నెలరోజులు స్టూడియోలో అదే పని. నేను హైపో తొట్లో ప్రింట్లు కదుపుతూ ఉండేవాణ్ణి.

అలా వచ్చినవాళ్ళలో ఒకాయన తల్లి ఫోటో చేయించుకున్నాడు. మర్నాడు తిరిగొచ్చి ప్రింటు బల్ల మీద పెట్టి, "మాస్టారండీ, ఈవిడ మా అమ్మ కాదండీ" అన్నాడు. నెగెటివ్ ఆవిడదే. నంబరు సరిపోయింది. మాస్టారు కాసేపు చూసి, "మచ్చలా?" అన్నారు. అవునన్నట్టు తలూపాడు. ఆవిడకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది. ఫోటో తీసిన రోజున మాస్టారు అలవాటుగా, అడక్కుండానే, స్ఫోటకం మచ్చలన్నీ పూడ్చేశారు. మనదేశంలో మశూచి లేదని నిపుణుల సంఘం ప్రకటించింది కూడా ఆ ఏడాదే, ఏప్రిల్లో. రోగం దేశంలోంచి పోయింది. కొడుకు వెతుక్కుంటున్నది అది వదిలిన గుంటల్ని.

మాస్టారు దూదిని టర్పెంటైనులో తడిపి నెగెటివ్ మీద మెల్లగా రుద్దారు. పూత కరిగింది. పూతతోపాటు పెన్సిలూ పోయింది. మళ్ళీ ఎన్‌లార్జరులో పెట్టి ప్రింటు వేశారు. డెవలపరు తొట్లో కాగితం మీద ముందు కళ్ళు వచ్చాయి, ముక్కుపుడక వచ్చింది, తరవాత బుగ్గల మీద చుక్క చుక్కగా మచ్చలు. ఎర్రదీపం వెలుతుర్లో ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆ ప్రింటుకు డబ్బు తీసుకోలేదు. రాత్రి స్టూడియో మూసేటప్పుడు మాత్రం నాతో అన్నారు: "పెన్సిలుతో చేశాను కాబట్టి పోయింది. కత్తితో గీకి ఉంటే?" కొన్నిచోట్ల నెగెటివ్‌ను సన్నకత్తితో గీకే పద్ధతి కూడా ఉండేది. గీకింది తిరిగిరాదు.

లేయర్ల గురించి నాకు తెలిసిన పాఠం మొత్తం ఇదే. పిల్లలకు జింప్ అనే ఫోటో సాఫ్టువేరు నేర్పినప్పుడు మొదటి పీరియడ్లో ఇదే కథ చెప్పాను. అసలు ఫోటో కింది లేయరులో ఉండాలి, దాన్ని ముట్టుకోకూడదు. చేసే మార్పులన్నీ పైన ఇంకో లేయరు మీద, కావాలంటే తుడిచేసేట్టుండాలి. ఫైలును ఎక్స్‌సీఎఫ్‌గా దాచుకుంటే లేయర్లు విడివిడిగా ఉంటాయి. జేపెగ్ చేస్తే అన్నీ అతుక్కుపోతాయి. పైగా మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ ఎంతో కొంత అరుగుతుంది. "ఎక్స్‌సీఎఫ్ అంటే పెన్సిలు, జేపెగ్ అంటే కత్తి" అని ఒక కుర్రాడు నోటుబుక్కులో రాసుకున్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

జింప్ ఎందుకు, అందరూ వాడేది ఫోటోషాప్ కదా అని మా హెడ్మాస్టరుగారు అడిగారు. డబ్బు లేక, అన్నాను. అది నిజమే గానీ సగం నిజం. దొంగ కాపీ వేసుకోవడం మన ఊళ్ళలో తప్పని ఎవరూ అనుకోరు. బళ్ళో మాత్రం మొదటి పాఠమే దొంగ కాపీ మీద చెప్పడానికి నాకు మనసొప్పలేదు. 1990లో ఫోటోషాప్ మొదటి వెర్షన్ వచ్చింది. 1996లో బర్కిలీ విద్యార్థులిద్దరు రాసిన జింప్ బయటికొచ్చింది. ఫోటోషాప్‌కు డబ్బు కట్టాలి, జింప్‌ను ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు కూడా. గీతల పనికి 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ దొరికింది. మా బడికి పదకొండు కంప్యూటర్లొచ్చాయి. నాకు అప్పగించేనాటికి ఏడు తిరిగేవి, వర్షాకాలంలో అయిదు. కెమెరాలు మూడు, మూడూ ఎవరో వాడి వదిలేసినవి.

కెమెరా చేతికివ్వకముందు గదినే కెమెరా చేశాం. తొమ్మిదో తరగతి గది కిటికీలకు నల్లచార్టులు అంటించి, ఒకదానికి రూపాయి బిళ్ళంత కన్నం పెట్టాం. నలభైమంది చీకట్లో కిచకిచలాడుతూ కూర్చున్నారు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక ఎదుటి గోడ మీద వేపచెట్టు తలకిందులుగా వేలాడింది. దాని కింద, అంటే పైన, హెడ్మాస్టరుగారి స్కూటరు. ఎవరో నడిచివెళితే గోడ మీద మనిషి తలకిందులుగా నడిచాడు, అదీ రంగుల్లో. గది ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. మూడు దశాబ్దాల నా ఉద్యోగంలో తొమ్మిదో తరగతి బెత్తం లేకుండా నిశ్శబ్దంగా ఉన్నది ఆ పది నిమిషాలే. తరవాత ఒక పిల్ల అడిగింది: "సార్, ఈ బొమ్మ రోజూ ఇక్కడికి వస్తూనే ఉందా? కిటికీలు తెరిచుండి మనకు కనపళ్ళేదా?" అవును తల్లీ. అన్ని దిక్కుల నుంచి వచ్చే వెలుతురంతా గోడ మీద కలగలిసిపోయి ఉంది. ఒక్క కన్నం తప్ప మిగతా వెలుతురు ఆపేశాం కాబట్టి బొమ్మ కనపడింది. బొమ్మ ఏర్పడటమే తీసేయడంతో మొదలవుతుందని నాకూ ఆరోజే తెలిసింది.

పిక్సెల్ అంటే ఏమిటో చెప్పడానికి నేను కష్టపడలేదు. ఆడపిల్లలకు చుక్కల ముగ్గు వచ్చు. గ్రాఫ్ కాగితం మీద ఒక్కో గడినీ ఒక్కో రంగుతో నింపితే అది జింప్. చుక్కల చుట్టూ మెలిక తిప్పితే అది ఇంక్‌స్కేప్. మెలికల ముగ్గును వాకిలంత పెద్దది చేసినా గీత గీతలాగే ఉంటుంది. గడుల బొమ్మను పెద్దది చేస్తే గడులు పళ్ళికిలిస్తాయి. 1957లో రస్సెల్ కిర్ష్ తన మూణ్ణెళ్ళ కొడుకు ఫోటోను కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఆ బొమ్మ నిలువూ అడ్డం 176 గడులు. మొత్తం ముప్ఫై ఒక్క వేల లోపే. 1975లో కోడాక్‌లో స్టీవెన్ ససాన్ తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరా ఇంకా చిన్న బొమ్మ తీసేది, నిలువూ అడ్డం వంద గడులు. దాన్ని క్యాసెట్టు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. అది విని పిల్లలు నవ్వారు. వాళ్ళ ఫోన్లో కోట్ల గడులు, నిమిషంలో వందలు తీయొచ్చు. అందుకే ఒక కట్టుబాటు పెట్టాను. మాస్టారి కెమెరాలో 120 ఫిల్ముకు పన్నెండు బొమ్మలే వచ్చేవి. మీకు వారానికి పన్నెండు. చెరిపి మళ్ళీ తీయకూడదు. మొదటి వారం అందరూ పన్నెండూ సోమవారమే అవగొట్టి మిగతా వారమంతా ఏడ్చారు. మూడోవారానికి ఒకడు ఏడే తీసుకొచ్చి, "మిగతా అయిదు వచ్చేవారానికి దాచుకోవచ్చా సార్" అన్నాడు.

ఇక మా బడి వార్షికోత్సవానికి చేసిన పోస్టరు సంగతి. అందులో తప్పు నాదే ఎక్కువ. బడి ముందు తీసిన గ్రూపు ఫోటో. పదో తరగతి పిల్లలు, ఉపాధ్యాయులు, కుడిపక్క చివర మధ్యాహ్న భోజనం వండే ఆవిడ, చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడింది. పోస్టరు నిలువుగా కావాలి, ఫోటో అడ్డంగా ఉంది. తయారుచేస్తున్న కుర్రాడు కుడివైపు కోశాడు. పక్కవాళ్ళ భుజం మీద ఆవిడ చెయ్యొకటి మిగిలితే క్లోనుతో తుడిచేశాడు. పని ఎంత శుభ్రంగా ఉందంటే నేను వీపు తట్టాను. పోస్టరు గోడకెక్కింది. భోజనాల వేళ ఆవిడ దాని ముందు చాలాసేపు నిలబడి, నా దగ్గరికొచ్చి, "నేనూ ఉన్నానుగా సారూ ఆరోజు?" అంది. కోపంగా అనలేదు. తనకే అనుమానం వచ్చినట్టు అడిగింది. నాకు టర్పెంటైను వాసన తగిలినట్టయింది.

ఆ సాయంత్రం పిల్లలకు రెండు సంగతులు చెప్పాను. మాస్కో-వోల్గా కాలువ పక్కన స్టాలిన్‌తో నడుస్తున్న ఫోటోలో యెజోవ్ అనే పోలీసు మంత్రి ఉండేవాడు. 1940లో అతన్ని చంపించాక ఫోటోలోంచి కూడా తీసేశారు, అతనున్న చోట కాలువ నీళ్ళు పారించారు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట నిలువుగా ఉందని గీజా పిరమిడ్లను కంప్యూటరుతో దగ్గరికి జరిపింది. పోస్టరు చేసిన కుర్రాడు తలెత్తి అడిగాడు: "మనది వీటిలో ఏది సార్?" రెండోదే అనుకుని చేశాంరా, ఆవిడకు మాత్రం మొదటిదిలా కనిపించింది, అన్నాను. పోస్టరు మళ్ళీ చేశాం, అడ్డంగానే. అప్పట్నుంచి ల్యాబులో ఒక పద్ధతి వచ్చింది. ఏ పని అయినా ఫోటో కింద చిన్న అక్షరాల్లో 'తీసేసినవి' అని రాయాలి. 'కరెంటు తీగ, ఎడమవైపు మోటారు సైకిలు.' 'ఏమీ లేదు.' ఒక పిల్ల రాసింది: 'చెత్తకుప్ప తీసేద్దామనుకున్నాను, తియ్యలేదు.'

కోయకూడదని, తుడవకూడదని నేననడం లేదు. డిజైన్ అంటేనే చాలావరకు కోత. నేర్చుకునే పిల్లలు అన్నీ పెట్టాలనుకుంటారు: నాలుగు రంగులు, ఆరు ఫాంట్లు, మూలలకు పువ్వులు, వెనక మెరుపులు. మన వీధుల్లోని ఫ్లెక్సీలు చూసి పెరిగిన కళ్ళు మరి. పుట్టినరోజు నాయకుడి ముఖం చుట్టూ ముప్ఫై తలలు, ఒక్కటి తగ్గినా మర్నాడు తగువు. ఫ్లెక్సీ షాపువాణ్ణి నేను తప్పుపట్టను. ఏ తల ఎంత సైజో వాడు నిర్ణయించేది కాదు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పదిరోజులు పుస్తకాల సంచి లేకుండా పనివాళ్ళ దగ్గరికి పంపమంటోంది. నన్నడిగితే ఒకరోజు ఫ్లెక్సీ షాపుకే పంపుతాను. అక్షరం విలువ అక్కడ తెలుస్తుంది.

అక్షరం అన్నాను కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. మా పాత విద్యార్థి ఒకడు పదో తరగతి తరవాత ఫ్లెక్సీ షాపులో కుదిరాడు. ఒకరోజు ఫోను చేశాడు, గొంతులో ఏడుపు. ఎవరి తండ్రికో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ, రాత్రికి రాత్రి కావాలి. వాట్సాప్‌లో వచ్చిన మాటను ఫోటోషాప్‌లో అతికిస్తే 'శ్‌రద్‌ధాంజలి' అని పడింది. వొత్తులన్నీ విడిపోయి పొల్లులతో నిలబడ్డాయి. వీడు గమనించలేదు, ప్రింటయిపోయింది. చచ్చిపోయినవాళ్ళ ఇంటిముందు విరిగిన అక్షరాలు. షాపు యజమాని ఖర్చు వాడి జీతంలో కోశాడు. తప్పు కుర్రాడిదా? ఆ సాఫ్టువేరు అప్పట్లో అక్షరాల్ని ఇంగ్లీషు పద్ధతిలో ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయేది. మన అక్షరం పక్కకే కాదు, కిందికీ పైకీ పెరుగుతుంది. అప్పటి వెర్షన్లలో ప్రిఫరెన్సుల్లోకి వెళ్ళి, టైపు దగ్గర మన లిపులకు సరిపడే అమరిక ఎంచుకుంటే వొత్తులు కుదురుకునేవి. జింప్‌లో, ఇంక్‌స్కేప్‌లో ఆ తిప్పలు లేవు, ఏ అమరికా మార్చకుండానే సరిగా పడతాయి. రెండు నిమిషాల పాఠం ఇది. ఎవరూ చెప్పక వాడికి జీతం తెగింది.

డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లే ఎక్కువ. చూడచక్కని అక్షరాలు, కాదనను. కానీ అవి యూనికోడ్ కావు. ఇంగ్లీషు గుర్తుల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టినవి. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగంతా పిచ్చి ఇంగ్లీషు అవుతుంది. మండలి, రామరాజ, ధూర్జటి, తిమ్మన వంటి యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. పిల్లల చేత మొదట తమ పేరును నాలుగు ఫాంట్లలో పెట్టించి, ఏ అక్షరానికి తలకట్టు ఎక్కడ కూర్చుందో చూపించమనేవాణ్ణి. డిజైన్ పాఠాలన్నీ ఇంగ్లీషు అక్షరాల మీదే ఉంటాయి. వరసల మధ్య ఎడం ఎంతుండాలో ఆ లెక్కలతో చేస్తే మన పై వరస వొత్తులు కింది వరస గుడులను పొడుస్తాయి.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. హైదరాబాదులో లాలా దీన్ దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో పెట్టి, దాన్ని ఒక స్త్రీ చేతికే అప్పగించాడు. ఎవరు తీస్తారు, ఎవరు చూస్తారు అన్న బెంగ అప్పటినుంచే ఉంది. ఇప్పుడు దానికి మార్ఫింగు తోడైంది. మా తరగతిలో ఒక పిల్ల తెచ్చిన పన్నెండింట్లో ఒక్క ముఖమూ లేదు. అడిగితే, "నాన్న ఫోను సార్. ముఖాలుంటే ఊరుకోడు" అంది. అన్నీ వీపులు, తలుపులు, నీడలు. ఒకటి వాళ్ళమ్మ చేతులు. రొయ్యల షెడ్డులో వొలిచి వొలిచి వేళ్ళ కొసలు నాని, తోలు లేచిన చేతులు, ఒళ్ళో బోర్లా పెట్టుకుని. పక్క కంప్యూటరు కుర్రాడు ఉత్సాహంగా, "స్మూత్ చేసేదా?" అని మౌసు అందుకోబోయాడు. ఆ పిల్ల మౌసు తీగ పట్టుకుని లాగేసింది. నేను జోక్యం చేసుకోవలసిన అవసరం రాలేదు. కింద రాసుకున్నది: 'తీసేసినవి: అమ్మ ముఖం. నాన్న కోసం.'

ముఖాలు మార్చడం ఎలాగో కూడా నేర్పాను. నా ముఖం మీదే చేయించాను, దొంగలా మీసం పెట్టారు. తమాషాకే అయినా, అతుకు ఎక్కడుంటుందో, నీడ ఏ పక్క తప్పుతుందో చేసినవాడికే తెలుస్తుంది. ఫోటో వెంట తీసిన చోటు వివరాలు కూడా ఫైల్లో దాక్కుని పోతాయని, ఫోన్లో ఆ మీట ఎక్కడుందో చూపించి ఆపించాను.

ఇదంతా ఇప్పుడు పాతబడిందని నాకు తెలుసు. 2021 నుంచి కొన్ని ఫోన్లలో వేలు రుద్దితే మనిషి మాయం. 2023లో ఫోటోషాప్‌లోకి వచ్చిన కృత్రిమ మేధ, తీసేసిన చోట లేని గోడను, లేని చెట్టును తనే అల్లి నింపుతోంది. నేను పీరియడ్లు పీరియడ్లు చెప్పిన క్లోనింగు ఒక్క చిటికె అయింది. క్లోను చేసేటప్పుడు పిల్లాడు అరగంటసేపు ఆ మనిషి భుజం మీద పనిచేసేవాడు. ఆ అరగంటలో ఎవర్ని తీసేస్తున్నాడో ఒక్కసారైనా తోచే వీలుండేది. ఇప్పుడా అరగంట లేదు. అందుకే 'తీసేసినవి' అన్న వరస మునుపటికంటే ఇప్పుడే ఎక్కువ కావాలని నాకనిపిస్తోంది. దానికి ఏ సాఫ్టువేరూ అక్కర్లేదు.

చివరగా కమిటీకి ఒక మనవి. కోశాధికారిగారు ముందు వరసలోనే ఉన్నారు. మాస్టారి జ్ఞాపకార్థం పెట్టిన ఈ నిధి మీద వచ్చే వడ్డీతో ఏటా ఒక బడికి కెమెరా కొనిద్దామన్న ఆలోచన ఉందని విన్నాను. కెమెరా వద్దు, ప్రతి ఇంట్లో ఉంది. ఆ డబ్బుతో ప్రింట్లు వేయించండి. ఈకాలం పిల్లల్లో చాలామంది తాము తీసిన ఫోటోను కాగితం మీద పట్టుకుని ఎరగరు. పోస్టుకార్డు సైజు చాలు. ఒక కాపీ తీసిన పిల్లకు, ఒకటి ఫోటోలో ఉన్నవాళ్ళకు. ఫోటోలో ఉన్నవాళ్ళకు ఇచ్చేది పిల్లలే వెళ్ళి చేతికివ్వాలి.

మొదటి ఏడాది లెక్కలో దయచేసి ఒకటి అదనంగా రాసుకోండి. పోస్టరు మళ్ళీ చేశామన్నాను గానీ, ఆ వంటావిడకు కాపీ ఇస్తానని మాటిచ్చి నేనింతవరకూ ఇవ్వలేదు.